కారుతోంది కదా అని ఇంకో చుట్టు బిగించకండి

ఆ నట్టు విప్పండి. ఇంకా బిగించవద్దు, టెఫ్లాన్ టేపు అసలే వద్దు.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. కిట్ విమానంలో (విడి భాగాలు తెప్పించుకుని మనమే కట్టుకునేది) పెట్రోలు లైనుకి 3/8 అంగుళం అల్యూమినియం ట్యూబు, నీలం రంగు ఏఎన్ ఫిట్టింగులు (విమానాల కొలతకి చేసిన జాయింట్ ముక్కలు) వాడారు. ఫ్యూయల్ సెలెక్టర్ (ఏ ట్యాంకు పెట్రోలు వాడాలో ఎంచే వాల్వు) దగ్గరి జాయింట్‌కి సబ్బు నీళ్లు రాస్తే బుడగలు వస్తున్నాయి. గట్టిగానే బిగించారు, అయినా ఆగలేదు. ఒక స్నేహితుడు ఇంకో పావు చుట్టు తిప్పమన్నాడు, తెలిసిన ప్లంబర్ టేపు చుట్టమన్నాడు. టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే పానా) చూస్తే ఆ సందులో పట్టడం లేదు.

నేను బాలానగర్‌లో హైడ్రాలిక్ గొట్టాలు, ఫిట్టింగుల పని చేసే షాపులో పదకొండేళ్లు ఉన్నాను. తర్వాత మా బావ రెండు సీట్ల కిట్ విమానం తెప్పించుకున్నారు. నాదర్‌గుల్ దాటాక ఉన్న ఒక రేకుల షెడ్డులో మూడేళ్ల పాటు శని, ఆదివారాలు ఆయనతోనే గడిచాయి. "గొట్టాల పని నీదే బామ్మర్దీ, నేను చెయ్యి పెట్టను" అని ఫ్యూయల్ లైన్లు, బ్రేకు లైన్లు నాకు వదిలేశారు. సరిగ్గా మీరు చెప్పిన చోటే మాకూ కారింది.

జరిగింది ఇదీ. నేను ఊళ్లో లేని ఒక వారం బావ ఉండబట్టలేక రెండు ట్యూబులకి ఫ్లేర్ (ట్యూబు చివరని గరాటులా విప్పార్చడం) తానే తీశారు. రాణిగంజ్‌లో ఏసీ మెకానిక్‌ల సామాను అమ్మే చోట కొన్న ఫ్లేరింగ్ టూల్‌తో తీశారు. నేను వచ్చాక ఆ ట్యూబులు చూడటానికి ఎంతో అందంగా ఉన్నాయి, అంచులు నున్నగా మెరుస్తున్నాయి. నేను కొలవలేదు, ఏ టూల్‌తో తీశారని అడగలేదు, తెచ్చి బిగించేశాను. బుడగలు వచ్చాయి. కొంచెం తిప్పాను, తగ్గాయి. ఇంకొంచెం తిప్పాను, మళ్లీ వచ్చాయి. మూడోసారి తిప్పినప్పుడు చేతికి ఒక తేడా తెలిసింది. గట్టిపడాల్సిన నట్టు మెత్తగా, వెన్నలోకి దిగినట్టు తిరిగింది. ఆ మెత్తదనం మీ చేతికి ఎప్పుడు తగిలినా వెంటనే ఆపేయండి. అప్పటికే లోపల లోహం సాగిపోతోందని అర్థం.

విప్పి చూస్తే ఫ్లేర్ మీద సన్నటి ఉంగరంలా ఒకే ఒక్క గీత మెరుస్తోంది. ఆ గీత దగ్గర గోడ పలచబడింది. ఫ్లేర్ మొదట్లో, స్లీవ్ (నట్టు లోపల ట్యూబుని పట్టే చిన్న తొడుగు) అంచు తగిలే చోట, వెంట్రుకలాంటి పగులు కూడా ఉంది. భూతద్దం పెడితే తప్ప కనిపించలేదు. ఇంజిన్ అదురుకి గాల్లో ఆ పగులు ఎంత దూరం పాకేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

కారణం కోణం. విమానాల ఏఎన్ ఫిట్టింగు ముక్కు, అంటే ఫ్లేర్ వచ్చి ఆనే కొస, 37 డిగ్రీలు. ఏసీ, ఫ్రిజ్ పైపుల ఫ్లేర్ 45 డిగ్రీలు, బజారులో సులభంగా దొరికే టూళ్లు ఎక్కువగా ఆ కోణానివే. 45 డిగ్రీల ఫ్లేర్‌ని 37 డిగ్రీల ముక్కు మీద కూర్చోబెడితే రెండూ నిండుగా కలవవు, ఒక గీత మీద మాత్రమే ఆనుకుంటాయి. మీరు ఎంత బలం పెట్టినా అదంతా ఆ గీత మీదే పడి అల్యూమినియాన్ని కోస్తుంది. ఇంకో ప్రమాదం చిన్న సైజులో ఉంది. 1/4 అంగుళం ఏసీ ఫ్లేర్ నట్టుకీ, అదే సైజు ఏఎన్ నట్టుకీ థ్రెడ్ ఒకటే, 7/16-20 (7/16 అంగుళం వ్యాసం, అంగుళానికి 20 మరలు). ఒకదాని మీద ఒకటి హాయిగా ఎక్కేస్తాయి. ఎక్కింది కదా అని సరైనదే అనుకోకూడదు. హైడ్రాలిక్ షాపుల్లో దొరికే జేఐసీ ఫిట్టింగులకి కోణం 37 డిగ్రీలే, థ్రెడ్ కూడా కలుస్తుంది. కానీ థ్రెడ్ కొలతల్లో విమాన ఫిట్టింగులకి పాటించే బిగువు వాటికి ఉండదు. ఆ పని చేసి బతికినవాణ్ణే అయినా నేను విమానంలో వాటిని పెట్టను.

కాబట్టి మీరు విప్పాక మొదట చూడాల్సింది ఆ మెరిసే ఆనవాలు. ఫ్లేర్ లోపలి వైపు చుట్టూ సమానమైన వెడల్పుతో మసక పట్టీలా ఉంటే కోణం కుదిరినట్టే. సన్నటి గీత ఉంటే కోణం తప్పు. ఒక వైపు లావుగా, ఇంకో వైపు ఏమీ లేకుండా ఉంటే ట్యూబు వంకరగా కూర్చుంది. పొడవునా గీతలు ఉంటే కోసిన తర్వాత బర్ (కోసిన అంచున మిగిలే గరుకు) సరిగా తీయలేదు. ట్యూబు కట్టర్‌ని ఒకేసారి గట్టిగా నొక్కితే లోపలికి పెదవిలా మడత వస్తుంది. దాన్ని గీరి, సన్న ఎమెరీ కాగితంతో చివర నునుపు చేశాకే ఫ్లేర్ తీయాలి. ముక్కు వైపు కూడా వేలి గోరుతో తడమండి. చిన్న నొక్కు తగిలినా ఆ ఫిట్టింగు పక్కన పెట్టేయాలి. ట్యూబు మాటకొస్తే, ఫ్లేర్ పాడైతే అంత వరకు కోసి కొత్తగా తీయండి. పొడవు చాలకపోతే కొత్త ట్యూబు. నట్టు, స్లీవ్ ముందు ఎక్కించాకే ఫ్లేర్ తీయాలన్నది అందరికీ తెలిసిందే, అయినా అందరూ ఒకసారైనా మరిచిపోతారు.

ఇక కూర్చోబెట్టడం. నా లెక్కలో బిగింపు కంటే ఇదే ముఖ్యం. నట్టుని వెనక్కి జరిపి, ట్యూబుని వదిలేసి చూడండి. ఎవరూ పట్టుకోకుండానే ఫ్లేర్ దానంతట అది ముక్కు మీద నిటారుగా ఆనాలి. రెండు మిల్లీమీటర్లు దూరం ఉంది, నట్టే లాక్కుంటుందిలే అనుకుంటే ఆ లాగుడు ఎప్పటికీ ఫ్లేర్ మొదట్లోనే ఉండిపోతుంది. షాపులో మా ఉస్తాద్ ఒక మాట అనేవాడు: "నట్టు పట్టుకోవడానికే, గుంజడానికి కాదు." ట్యూబుని విప్పి, వంపుని బయట సరిచేసి మళ్లీ పెట్టండి. రెండు ఫిట్టింగుల మధ్య తిన్నగా లాగిన ట్యూబు మీకు ఎక్కడైనా ఉంటే, దాన్ని మార్చి మధ్యలో ఒక వంపు ఇవ్వండి. ఎండకి సాగినా, ఇంజిన్ అదిరినా ఆ వంపు సర్దుకుంటుంది. తిన్నటి ట్యూబుకి సర్దుకోవడానికి చోటే లేదు.

బిగింపు అంకెలు మీ కిట్ మాన్యువల్‌లో ఉంటే అవే వాడండి. లేకపోతే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ వారి ఏసీ 43.13-1బి (ఇక్కడ ఏసీ అంటే అడ్వైజరీ సర్క్యులర్) పత్రంలో పట్టిక ఉంది. అల్యూమినియం ట్యూబుకి 1/4 అంగుళమైతే 40 నుంచి 65 ఇంచ్ పౌండ్లు, 3/8 అయితే 75 నుంచి 125, 1/2 అయితే 150 నుంచి 250. మీ 3/8కి మన లెక్కలో సుమారు 8.5 నుంచి 14 న్యూటన్ మీటర్లు. అదే పట్టికలో పక్క గడిలో స్టీలు ట్యూబుకి 270 నుంచి 300 ఇంచ్ పౌండ్లు అని ఉంటుంది. కన్ను పొరపాటున ఆ గడి మీద పడితే మీ ఫ్లేర్ అయిపోయినట్టే, వేలు పెట్టి చదవండి. నేను తక్కువ అంకెతో మొదలుపెట్టి, కారితేనే పైకి వెళ్తాను. పై అంకె దగ్గర కూడా కారితే విప్పుతాను. దాన్ని దాటను.

కారు చక్రాలకి వాడే టార్క్ రెంచ్ దీనికి పనికిరాదు, దాని కొలత మొదలయ్యే చోటే మన పని ముగిసిపోతుంది. ఖరీదైన సైకిళ్లు అమ్మే దుకాణాల్లో చిన్న టార్క్ రెంచ్‌లు ఉంటాయి, ఈ కొలతకి అవి బాగా సరిపోతాయి. సందులో పట్టడానికి దాని చివర క్రోఫుట్ (పిడి లేని, నోరు తెరిచిన పానా ముక్క) తగిలించండి. ఆ క్రోఫుట్ రెంచ్‌కి అడ్డంగా, 90 డిగ్రీల్లో ఉంటే అంకె మార్చక్కర్లేదు. తిన్నగా ముందుకి చాచి ఉంటే మార్చాలి. పిడి మధ్య నుంచి డ్రైవ్ (క్రోఫుట్ తగిలించే కొస) వరకు 200 మిల్లీమీటర్లు, క్రోఫుట్ అదనంగా 25 మిల్లీమీటర్లు అనుకోండి. 100 ఇంచ్ పౌండ్లు కావాలంటే 100 ఇంటూ 200 బై 225, అంటే 89 దగ్గర సెట్ చేయాలి.

క్రోఫుట్ కూడా పట్టని చోట్ల నేను చేసిన పద్ధతి ఇది. అదే సైజు జాయింట్‌ని బల్ల మీద వైస్‌లో పెట్టి, చేత్తో చివరిదాకా తిప్పి, మార్కర్‌తో నట్టు మీద నుంచి ఫిట్టింగు మీదికి గీత గీశాను. తర్వాత టార్క్ రెంచ్‌తో బిగించి, గీత ఎంత జరిగిందో చూసుకున్నాను. ఇలా మూడు జాయింట్లు చేస్తే చేతికీ కంటికీ లెక్క అందుతుంది. విమానంలో అదే గీత, అంతే జరుపు.

ప్రతిసారీ రెండు పానాలు వాడాలి. ఒకటి ఫిట్టింగుని కదలకుండా పట్టడానికి, ఒకటి నట్టు తిప్పడానికి. ఒక్కటే వాడితే సెలెక్టర్‌లోకి వెళ్లిన ఫిట్టింగు కూడా తిరిగి, ఇక్కడ ఆపిన లీకు అక్కడ మొదలవుతుంది. పానాలు కూడా అంగుళాల సెట్టే కొనండి. 3/8 ట్యూబు నట్టుకి 11/16 పానా కావాలి, అంటే 17.46 మిల్లీమీటర్లు. మన దగ్గర అందరి దగ్గరా ఉండేవి మిల్లీమీటర్లవే. 17 దూరదు, 18 వదులు. 18తో తిప్పితే మెత్తటి అల్యూమినియం నట్టు మూలలు గుండ్రమైపోతాయి, తర్వాత ఏ పానా పట్టదు.

టేపు సంగతి. ఫ్లేర్ జాయింట్‌లో థ్రెడ్ లీకుని ఆపదు, ఫ్లేర్ ముఖమే ఆపుతుంది. థ్రెడ్‌కి ఏం చుట్టినా లాభం లేదు. పైగా తెగిన టేపు పీచు పెట్రోలుతో పాటు వెళ్లి కార్బురేటర్ సన్న దారిలో ఇరుక్కుంటుంది. నట్టు థ్రెడ్‌కీ, స్లీవ్ వెనక వైపుకీ ఒక చుక్క ఆయిల్ చాలు, ఫ్లేర్ ముఖం పొడిగా ఉండాలి. సీలెంట్ అవసరమైన చోటు వేరే ఉంది. సెలెక్టర్, పంపు బాడీలోకి వెళ్లే పైపు థ్రెడ్, అదే ఎన్‌పీటీ, చివరికి వెళ్లే కొద్దీ సన్నబడుతుంది. దానికి పెట్రోలుని తట్టుకునే పేస్టు సీలెంట్ రాయాలి. అక్కడా టేపు వద్దు. మొదటి ఒకటి రెండు మరలు వదిలేసి రాయండి, లోపలికి కారకుండా ఉంటుంది.

ఎక్కువ బిగించడం గురించే ఇంత రాశాను. అసలు బిగించకుండా వదిలేసిన నట్టు ఇంకా భయంకరం. ఒక ఆదివారం సాయంత్రం నేను పంపు దగ్గర నట్టు చేత్తో తిప్పి ఉంచాను, ఇంట్లోంచి ఫోన్ వస్తే బయటికెళ్లాను, అలాగే ఇంటికి వెళ్లిపోయాను. పై వారం చూస్తే అన్ని నట్టుల్లాగే అదీ కనిపించింది. పక్క జాయింట్ సరిచేస్తుంటే చేయి తగిలి తిరిగింది కాబట్టి బయటపడింది. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. టార్క్ పూర్తయిన క్షణంలోనే నట్టు మీద నుంచి ఫిట్టింగు మీదికి రంగు లక్క గీత పెట్టాలి. గీత లేని జాయింట్ బిగించనిదే, ఎవరు ఏం చెప్పినా సరే. అమెరికాలో ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లో ఇళ్లలో కట్టుకున్న విమానాల ప్రమాదాలపై ఒక అధ్యయనం విడుదల చేసింది. ఇంజిన్ శక్తి పోవడం, గాల్లో అదుపు తప్పడం, ఈ రెండే అన్నిటికంటే ఎక్కువని తేల్చింది. ఎగరకముందు ఫ్యూయల్ వ్యవస్థని పనిచేయించి పరీక్షించాలని సిఫార్సు కూడా చేసింది. బావ ఆ పేజీని ప్రింటు తీసి షెడ్డు గోడకి అంటించారు.

లీకు పరీక్షకి ట్యాంకులో గాలి ఎక్కువ పెట్టకండి, ట్యాంకు ఉబ్బుతుంది. వెంట్ పైపుకి (ట్యాంకులోకి గాలి వెళ్లే గొట్టం) ఒక బెలూన్ కట్టి, అది నిలబడేంత గాలి చాలు. తెల్లవారుజామునే చేయండి. మన ఏప్రిల్ ఎండకి రేకుల షెడ్డులో పదింటికల్లా బెలూన్ ఉబ్బుతుంది, రాత్రికి సన్నబడుతుంది. ఆ మార్పు చూసి లీకు అనుకుని మేము రెండు వారాలు టెన్షన్ పడ్డాం. బుడగలు కనిపిస్తే ముందు గాలి వదిలి, తర్వాతే పానా పెట్టండి. ఒత్తిడి ఉండగా ఏ జాయింట్‌నీ తిప్పకూడదు.

బ్రేకు లైన్లు కూడా త్వరలో చేస్తానన్నారు కాబట్టి ఒక్క మాట. బిగింపు పద్ధతి ఇదే, కానీ నూనె విషయంలో జాగ్రత్త. చిన్న విమానాల బ్రేకుల్లో మామూలుగా 5606 రకం ఎర్రటి హైడ్రాలిక్ నూనె వాడతారు. కారు షాపులో దొరికే డాట్ 3, డాట్ 4 బ్రేకు నూనె పోస్తే ఆ బ్రేకుల్లోని నైట్రైల్ రబ్బరు రింగులు ఉబ్బి పాడైపోతాయి.

ఇంజిన్ మొదటిసారి నడిపాక కవర్లు తీసి ప్రతి గీతా టార్చితో చూడండి. గీత కదలకపోతే పానా పెట్టవద్దు, ఊరికే మళ్లీ మళ్లీ బిగిస్తే ఫ్లేర్ పలచబడుతూ పోతుంది. 100ఎల్‌ఎల్ అనే విమాన పెట్రోలు వాడితే కారిన చోట ఆరిపోయాక నీలం మరక మిగులుతుంది, తెల్ల గుడ్డతో తుడిస్తే అంటుకుంటుంది.

మీ నట్టు విప్పాక ఫ్లేర్ లోపలి వైపు వెలుతురు పక్క నుంచి పడేలా దగ్గరగా ఫొటో తీసి పెట్టండి. ఏ టూల్‌తో తీశారో కూడా రాయండి. చూసి ఈ రాత్రికే చెప్తాను.