అర్ధరాత్రి దాటాక కాకినాడ వినపడకపోతే

రాజోలు నుంచి హ్యామ్ రేడియోలో (ఔత్సాహికుల వైర్‌లెస్), 7 మెగాహెర్ట్జ్‌లో పగలు కాకినాడ స్టేషను బాగా వినిపించి, అర్ధరాత్రి దాటాక మాయమవుతోందని, ఢిల్లీ మాత్రం వినపడుతోందని రాశారు. మీ సెట్టు బాగానే ఉందండీ. ఇంత దగ్గరకి సంకేతం దాదాపు నిట్టనిలువుగా పైకెళ్లి అయనోవరణం (చాలా ఎత్తున రేడియో తరంగాల్ని వెనక్కి వంచే పొర) నుంచి తిరిగి దిగాలి. రాత్రి ముదిరేకొద్దీ ఆ పొర పలచబడుతుంది, నిలువుగా వెళ్లింది దాటిపోతుంది, ఏటవాలుగా వెళ్లింది దూరాన దిగుతుంది. పవర్ పెంచి లాభం లేదు.

ఆ వేళకి ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న 80 మీటర్ల బ్యాండుకి మారండి. 3.65 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ (మధ్య నుంచి రెండు వైపులా చాచే తీగ యాంటెన్నా) ఒక్కో చేయి 19.6 మీటర్లు. అర మీటరు ఎక్కువ ఉంచి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత తిరిగొస్తోందో చూపే కొలత) చూస్తూ రెండు వైపులా సమానంగా కత్తిరించండి. మధ్యలో 8 మీటర్ల వెదురు గెడ చాలు. చివరలు మాత్రం మనిషి చేతికి అందకూడదు. కొబ్బరిచెట్టుకి నేరుగా బిగించి కట్టొద్దు, ఊగినప్పుడు తీగ తెగుతుంది. నైలాన్ తాడుని కప్పీ మీదుగా వేసి, చివర నీళ్ల డబ్బా వేలాడదీయండి.

కోయాక్స్ (సెట్టు నుంచి యాంటెన్నాకి వెళ్లే కేబుల్) అతుకులోకి ఉప్పుగాలి, వాన నీరు చేరితే అంతా వృథా, రబ్బరు టేపు గట్టిగా చుట్టండి. 100 వాట్లకి బ్యాటరీ నుంచి 20 ఆంపియర్లు లాగుతుంది. సన్న వైరైతే వోల్టేజి పడి సెట్టు ఆగిపోతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే పెట్టండి. ఉరుముల రాత్రి ఈ బ్యాండులో గరగర ఎక్కువే, కాబట్టి సందేశం చిన్నగా, రెండుసార్లు చెప్పించండి. మెరుపు దగ్గరికి రాకముందే కోయాక్స్ పీకి ఇంటి బయట పడేయండి.