ఫేర్‌వెల్ పని నెత్తిన పడ్డ మేనకోడలికి

హనుమకొండ

బిడ్డా,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను గానీ, మీ మామయ్య పెట్టిన టీవీ మోతలో సగమే చెవిన పడింది. మొత్తానికి నాకు అర్థమైంది ఇదీ: స్వపరిపాలన దినోత్సవం, టెన్త్ పిల్లల వీడ్కోలు, వార్షికోత్సవం, మూడూ మీ హెడ్మాస్టరు నీకే అప్పగించారు. కొత్తగా డీఎస్సీలో వచ్చినవాళ్లకు ఇవి పడటం ఆనవాయితీ. నాకూ పడ్డాయి. చాలాసార్లు బాగానే చేశాను, ఒక్కసారి మాత్రం తప్పు చేశాను. ఆ తప్పు దగ్గరే మొదలుపెడతాను. ఎందుకంటే నువ్వు ఫోనెత్తగానే అన్న మాట, "అత్తమ్మా, తలా వంద వసూలు చేద్దామనుకుంటున్నాం" అని.

అప్పుడు నేను నర్సంపేట వైపు ఒక ఊళ్లో పనిచేస్తున్నాను. ఫేర్‌వెల్‌కి తలా ఇరవై రూపాయలు అనుకున్నాం. తొమ్మిది వాళ్లూ ఇవ్వాలి, పది వాళ్లూ ఇవ్వాలి. అది మిర్చి ఏరే కాలం. ఆ నెలల్లో అటువైపు ఏ చేను చూసినా ఎర్రగా ఉంటుంది, ఏనుమాముల మార్కెట్ పక్కనుంచి పోతే తుమ్ములు ఆగవు. నా క్లాసులో ఒక పిల్ల ఫేర్‌వెల్ రోజు రాలేదు. జ్వరమేమో అనుకున్నానని రాయబోయాను, అది అబద్ధం. నేనేమీ అనుకోలేదు. మైకు పనిచేయక ఒక పక్క, బిర్యానీ ఆటో రాక ఇంకో పక్క, ఆ హడావిడిలో ఎవరు వచ్చారో ఎవరు రాలేదో చూడనేలేదు. తెల్లారి ప్రేయర్‌కి ముందే ఆ పిల్ల వచ్చి నా చేతిలో రెండు పది నోట్లు పెట్టింది. "మేడం, పార్టీ పైసలు" అన్నది. నేను తీసుకున్నాను బిడ్డా. కాయితం తీసి పేరు పక్కన టిక్కు కూడా పెట్టాను.

సంగతి తర్వాత వాళ్లమ్మ చెప్పింది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, ఒకరు తొమ్మిది, ఒకరు పది. నలభై రూపాయలు అడిగితే అమ్మ ఎక్కడినుంచి తెస్తుందని, చెల్లెల్ని పార్టీకి పంపించి తాను మిర్చి ఏరడానికి పోయింది. ఆ కూలి పైసలే నాకిచ్చింది. తినని భోజనానికి, దిగని ఫోటోకి.

అందుకే చెబుతున్నాను, పిల్లల దగ్గర రూపాయి కూడా వసూలు చేయొద్దు. "ఉన్నవాళ్లే ఇవ్వండి" అని కూడా అనొద్దు. అది ఇంకా పాపం. లేనివాళ్లు ఎవరో క్లాసంతటికీ తెలిసిపోతుంది. వసూలు లేకపోతే ఎట్లా అంటావు. ఖర్చు ఎక్కడెక్కడ అవుతుందో రాసి చూడు: భోజనం, డీజే, శాలువాలు, ఫ్లెక్సీ. ఇందులో భోజనం తప్ప ఏదీ పిల్లల కోసం కాదు.

భోజనానికి బయటి బిర్యానీ ఎందుకు? హైస్కూలు పిల్లకు మధ్యాహ్న భోజనం లెక్క 150 గ్రాముల బియ్యం. వంద మందికి 15 కిలోలు ఎట్లాగూ ఆ రోజు వండాల్సిందే. వాటినే బగారన్నం చేయించు, పక్కన ఆలుగడ్డ కూర, గుడ్డు. నూనె, మసాలా, పుదీన, పెరుగు ఖర్చు స్టాఫ్ రూమ్‌లో తలా కొంత వేసుకుంటే సరిపోతుంది. సార్లు గొణుగుతారు, గొణగనీ. వంట చేసే అక్కలకు మాత్రం వారం ముందే చెప్పు. అంతమందికి బగార పొయ్యి మీద పలుకు విరగకుండా దించడం ఆషామాషీ కాదు. మా బడిలో ఒకసారి వాళ్లనే ముందు వరుసలో కూర్చోబెట్టి మేం వడ్డించాం. పెద్దక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూనే ఉంది, సరిగ్గా తిననేలేదు పాపం.

శాలువాల మాట. నా బీరువాలో ఇప్పటికీ పదిహేను దాకా ఉన్నాయి. ఒక్కటీ చలికి పనికిరాదు, దుమ్ము తుడవడానికి జారిపోతాయి. అతిథులు ఎవరొస్తానన్నా రమ్మను, కాదనకు, కానీ మాట్లాడేది ముగ్గురే అని హెడ్మాస్టరుతో ముందే చెప్పించు. వేదిక మీద కుర్చీలకే టెంటు వేసి, పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టి క్రమశిక్షణ గురించి మాట్లాడటం నేను చాలా చూశాను. నీడ ఒక్కచోటికే సరిపోతే అది పిల్లలకు వేయించు.

తేదీ సంగతి. ప్రీ ఫైనల్స్ మొదలయ్యేలోపే మూడూ అయిపోవాలి. ఇప్పుడు టెన్త్‌కి ఆరు పేపర్లే, పదకొండు రాసిన కాలం కాదు. అయినా పిల్లల టెన్షన్ ఏమీ తగ్గలేదు. మార్చి 15 అటూ ఇటూగా ఒంటిపూట బడులు మొదలైతే ఇక ఏ ప్రోగ్రామూ సాగదు, పన్నెండున్నరకి బడి ఖాళీ. మేడారం జాతర యేడాది అయితే ఇంకా జాగ్రత్త. జాతరకు ముందూ వెనకా వారం సగం తరగతి ఉండదు. వచ్చినవాళ్లు బంగారం (అదే, జాతర బెల్లం) పెడితే కళ్లకద్దుకుని తిని, హాజరు గురించి అడగకు.

స్వపరిపాలన దినోత్సవం మాత్రం మనసు పెట్టి చేయి. నాకు వీడ్కోలు సభ కంటే అదే ఇష్టం. అన్ని బళ్లలో జరిగేది ఒకటే: ఫస్ట్ వచ్చే పిల్ల హెడ్మిస్ట్రెస్, రెండోవాడు కలెక్టరు, ఆ తర్వాత డీఈఓ, ఎంఈఓ, సార్లు, మేడమ్‌లు. ఎవరికీ పట్టని పిల్లాడు అటెండరు. వాడు గంట కొడుతుంటే అందరూ నవ్వుతారు. వాడూ నవ్వుతాడు, అదే నాకు కష్టంగా ఉండేది. ఒక యేడాది చిట్టీలు వేశాం. తెలుగు చదవడానికే తడబడే పిల్లాడికి హెడ్మాస్టరు వచ్చింది. అటెండరు చిట్టీ నేనే తీసుకుంటానని మా హెడ్మాస్టరు పట్టుబట్టి రోజంతా గంట కొట్టాడు, ఫైళ్లు మోశాడు. ఆ పిల్లాడు పొద్దున వంటగదికి పోయి గుడ్లు లెక్కపెట్టి, హాజరుతో సరిచూసి, రెండు తక్కువున్నాయని పిలిపించి అడిగాడు. పాతికేళ్ల అనుభవమున్న మాకు ఎవరికీ ఆ రోజు దాకా ఆ లెక్క చూడాలని తోచలేదు.

పాఠం చెప్పే పిల్లలకు మూడు రోజుల ముందే పాఠం ఇవ్వు, ఒకసారి నీ ముందు చెప్పించు. లేకపోతే బెత్తం పట్టుకుని అటూ ఇటూ తిరిగి, మనల్ని అనుకరించడంతోనే పీరియడ్ గడిపేస్తారు. (అదీ చూడాలి ఒకసారి. నేను కళ్లజోడు ముక్కు చివరకు జార్చి చూస్తానని నాకు అట్లాగే తెలిసింది.)

ఆడపిల్లల చీరల విషయంలో రెండు మాటలు. చీర కట్టుకుని పక్క ఊళ్లనుంచి ఆటోల్లో వేలాడుతూ రావొద్దను. బడికొచ్చాక కట్టుకోవడానికి ఒక గది ఖాళీ చేసి, కిటికీలకు దుప్పట్లు కట్టించు, పిన్నీసుల డబ్బా నీ దగ్గరుంచు. రెండోది ఫోన్లు. మా కాలంలో ఈ గోల లేదు. ఇప్పుడు ఎవడో ఫోటో తీస్తాడు, సాయంత్రానికి అది స్టేటస్‌లో పాటతో సహా తిరుగుతుంది, రాత్రికి ఇంట్లో గొడవ. ఆ రోజు బళ్లో ఫోటోలు తీసే ఫోన్ ఒక్కటే ఉండాలి, అది నీదే కావాలి. ఎవరి ఫోటో వాళ్ల అమ్మానాన్నలకే పంపు.

వార్షికోత్సవం గురించి పెద్దగా చెప్పను, డ్యాన్సులు వాళ్లే చేసుకుంటారు. పాట మాత్రం మొదటినుంచి చివరిదాకా ముందే నువ్వు విను, పల్లవి విని ఊరుకోకు. అద్దె డ్రెస్సులొద్దు. కోలాటానికి కర్రలుంటే చాలు. ఇంకొకటి, యాంకరింగ్ చేసే పిల్లలకు పుస్తకాల భాష రాసిచ్చి బట్టీ పట్టించకు. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని భాషా దినోత్సవంగా చేసుకునే రాష్ట్రం మనది. ఆయన తిరిగిన ఓరుగల్లులో పిల్లలు ఇంట్లో మాట్లాడినట్టు మైకులో మాట్లాడితే తప్పేంటి? తడబాటు పోతుంది, భయమూ పోతుంది. నేను చూశాను.

గ్రూప్ ఫోటో ప్రేయర్ కాగానే తీయించు, ఎండ ముదిరితే అందరి కళ్లూ మూతలే. ముందు రోజు హాజరు చూసి, వరసగా రాని పిల్లల ఇళ్లకు కబురు పెట్టు. పేర్లు వరుస ప్రకారం అదే రోజు రాసిపెట్టుకో. నా దగ్గర పాత ఫోటోలున్నాయి, మూడో వరుసలో నలుగురి పేర్లు ఎంత ఆలోచించినా గుర్తుకు రావు.

చివరి పరీక్ష రోజు చొక్కాల మీద ఇంకు చల్లుకుంటారు, పేర్లు రాసుకుంటారు. తిట్టి లాభం లేదు. ఆ చొక్కా వచ్చే యేడు తమ్ముడిది అవుతుంది కాబట్టి వేరే దారి చూడాలి. నేను పాత తెల్ల దుప్పటి ఒకటి ఫేర్‌వెల్ రోజే గోడకు కట్టి, స్కెచ్ పెన్నులు పెట్టేదాన్ని. ఏం రాసినా చదవనని మాటిచ్చేదాన్ని. తర్వాత చదివేదాన్ని, అది వేరే సంగతి.

ఆ రోజే ఇంకో పని చేయించు. ప్రతి పిల్లతో చిన్న చీటీ మీద రాయించు: జూన్‌లో ఎక్కడ చేరాలనుకుంటున్నారు, ఇంట్లో పలికే ఫోన్ నంబరు ఏది. ఇంటరా, పాలిటెక్నికా, ఐటీఐయా, బాసర ట్రిపుల్ ఐటీయా, ఏదీ తోచకపోతే ఖాళీగా వదిలేయమను. ఖాళీ చీటీలు వేరే పెట్టుకో. పరీక్షలయ్యాక ఈ పిల్లలు ఎవరి రిజిస్టర్‌లోనూ ఉండరు. మన బడిలో పేరుండదు, కాలేజీలో ఇంకా ఎక్కదు. కూలి పనులకు అలవాటు పడేదీ, ఆడపిల్లలకు సంబంధాలు చూసేదీ ఆ ఎండాకాలంలోనే. రిజల్ట్స్ వచ్చిన వారంలో ఆ ఖాళీ చీటీలవాళ్లకు ముందు ఫోన్ చెయ్యి. పద్దెనిమిది నిండకుండా పెళ్లి మాట వినిపిస్తే మొహమాటపడకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పు. టీసీకి, బోనఫైడ్‌కి వచ్చినప్పుడు ఆఫీసు గుమాస్తా దగ్గర తిప్పించుకోకుండా చూడు. ఒక రోజు కూలి పోగొట్టుకుని వస్తారు తండ్రులు.

ఆ మిర్చి పిల్ల ఇంటర్ చదివింది. అది నా గొప్పేమీ కాదు, ఆమె మేనమామ చదివించాడు. ఆ ఇరవై రూపాయలు తిరిగివ్వబోతే తీసుకోలేదు.

తేదీ ఖాయమైతే చెప్పు. పరకాల బస్సెక్కి పొద్దున్నే వచ్చేస్తాను, చీరలు కట్టించే గదిలో ఉంటాను. స్టేజీ మీదికి పిలవకు. శాలువా అసలే వద్దు.

మీ అత్తమ్మ