ఇంజన్ ఎక్కించాం, స్టార్ట్ అవ్వట్లేదు: పాత బండ్ల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా దగ్గర 1979 నాటి వోల్వో 245 స్టేషన్ వ్యాగన్ ఉంది. నాన్నగారు నడిపిన బండి. అందుకే అమ్మడానికి మనసొప్పలేదు. దాని కార్బురేటర్ ఇంజన్ పూర్తిగా అరిగిపోయి పొగ కక్కుతుంటే, తుక్కుకి పోతున్న 1990 నాటి 240 నుంచి బి230ఎఫ్ ఇంజన్ తీసి దీనికి ఎక్కించాను. ఇంజెక్షన్ (కార్బురేటర్ బదులు పెట్రోలు చిమ్మే పద్ధతి) వైరింగ్, కంప్యూటర్లు కూడా ఆ బండివే. క్లచ్, ఫ్లైవీల్ (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం) మాత్రం నావి బాగానే ఉన్నాయని పాతవే వేశాను. సెల్ఫ్ కొడితే ఇంజన్ బరువుగా, నెమ్మదిగా తిరుగుతోంది గానీ ఒక్కసారి కూడా అందుకోలేదు. ప్లగ్గులు, కాయిల్, పెట్రోల్ పంపు అన్నీ మార్చేశాను. నిన్న కాస్త ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టేసరికి యాక్సిలరేటర్ కేబుల్ దగ్గర కాలిన వాసన వచ్చింది. ఇంజన్ వెనక వైపు ఒక సెన్సార్ వైరు మిగిలిపోయింది, అది చెకింగ్ కోసమే, అవసరం లేదని మెకానిక్ అన్నారు. మూడు వారాలుగా ఒకటే టెన్షన్. ఇంజనే పాడైందంటారా?

జవాబు: ఇంజన్ పాడవలేదు అనే నా నమ్మకం. ముందు ఒక్క మాట వినండి, తప్పు ఎక్కడుందో తేలేదాకా ఇక ఒక్క పార్టు కూడా కొనకండి. ఆ ఇంజన్ దాని సొంత బండిలో నడిచిందే కదా, మీ బాడీ కూడా పాత ఇంజన్‌తో నడిచిందే. ఇలాంటప్పుడు తప్పు రెండూ కలిసే అతుకుల దగ్గర, అంటే మనం కోసిన, కలిపిన, కలపడం మర్చిపోయిన చోట ఉంటుంది. ఇంజన్ మార్చిన ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే. మీ ఉత్తరంలోనే అలాంటి అతుకులు రెండు కనిపిస్తున్నాయి.

మొదటిది ఆ కాలిన వాసన. యాక్సిలరేటర్ కేబుల్‌కి కరెంటుతో ఏ పనీ లేదు, మరి అది ఎందుకు కాలుతుంది? బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారుకి వెళ్లిన కరెంటు ఇంజన్ బ్లాకు ద్వారా తిరిగి బ్యాటరీ నెగటివ్‌కి చేరాలి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దానంతట అది బాడీకి తగలదు, మధ్యలో లావుపాటి ఎర్త్ పట్టీ ఉండాలి. ఇంజన్ దించేటప్పుడు విప్పి పక్కన పెట్టిన ఆ పట్టీని తిరిగి బిగించడం చాలామంది మర్చిపోతారు. అప్పుడు వందల ఆంపియర్ల కరెంటు దొరికిన దారిలో పోతుంది, మీ బండిలో ఆ దారి యాక్సిలరేటర్ కేబుల్ అయింది. సెల్ఫ్ బరువుగా తిరగడానికి కారణం కూడా ఇదే.

నమ్మకం కుదరకపోతే మల్టీమీటర్ తీసుకోండి. ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ పోల్ మీద (క్లాంపు మీద కాదు, పోల్ మీదే), రెండోది ఇంజన్ బ్లాకు మీద శుభ్రంగా గీకిన చోట పెట్టి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2, 0.3 వోల్టులు దాటకూడదు. మీకు రెండో మూడో చూపిస్తే ఆశ్చర్యపోను. పట్టీ బిగించేటప్పుడు రెండు చివరలా పెయింటు, తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా గీకండి, పెయింటు మీద బిగించిన పట్టీ లేనట్టే లెక్క. ఆ కేబుల్‌ని మాత్రం తప్పకుండా కొత్తది వేయండి. లోపలి పూత కరిగి ఉంటుంది, నడిరోడ్డు మీద యాక్సిలరేటర్ నొక్కినచోటే ఇరుక్కుపోతే ప్రాణాల మీదికి వస్తుంది.

రెండో అతుకు ఫ్లైవీల్. ఇదే అసలు సంగతి. ఆ మిగిలిపోయిన సెన్సార్ చెకింగ్ కోసం కాదండీ, ఆ ఇంజన్‌కి కళ్లు అదే. మీ పాత ఇంజన్‌లో స్పార్క్ ఎప్పుడు పడాలో డిస్ట్రిబ్యూటర్ చూసుకునేది. కొత్తదాంట్లో డిస్ట్రిబ్యూటర్ పని స్పార్క్‌ని నాలుగు ప్లగ్గులకీ పంచడం వరకే, ఎప్పుడు అనేది నిర్ణయించేది ఇగ్నిషన్ కంప్యూటర్. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఏ కోణంలో ఉందో ఆ కంప్యూటర్‌కి చెప్పేది ఈ సెన్సారే. అది ఫ్లైవీల్ అంచున వరసగా ఉన్న రంధ్రాలని లెక్కపెడుతూ ఉంటుంది. ఈ ఇగ్నిషన్ తయారుచేసిన బాష్ కంపెనీ పద్ధతిలో 60 గుర్తుల లెక్కలో రెండు వదిలేసి 58 ఉంచుతారు, ఆ ఖాళీ ఎదురైనప్పుడల్లా కంప్యూటర్‌కి క్రాంక్ ఎక్కడుందో తెలుస్తుంది. మీ 1979 ఫ్లైవీల్‌కి ఆ రంధ్రాలే ఉండవు. అంటే ఇప్పుడు ఆ వైరు తెచ్చి తగిలించినా అది చదవడానికి ఏమీ లేదు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఇంజన్ తిరుగుతోందన్న కబురు ఇగ్నిషన్ కంప్యూటర్ నుంచి ఇంజెక్షన్ కంప్యూటర్‌కి అందితేనే అది పెట్రోల్ పంపు రిలేని ఆన్‌లో ఉంచుతుంది, ఇంజెక్టర్లని తెరుస్తుంది. కబురు రాకపోతే స్పార్కూ ఉండదు, పెట్రోలూ ఉండదు. మీరు కాయిల్ మార్చినా, పంపు మార్చినా ఫలితం లేకపోయింది అందుకే, పాపం ఆ పాతవి రెండూ బాగానే ఉండి ఉంటాయి, పారేయకండి.

కాబట్టి గేర్‌బాక్స్ మళ్లీ దించక తప్పదు. బాధాకరమే గానీ అడ్డదారి లేదు. ఆ 1990 బండి ఫ్లైవీల్ సంపాదించండి, దానికి సరిపోయే క్లచ్ కూడా చూసుకోండి. మీ పాత బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందు ఫ్లైవీల్‌ని కప్పే తొడుగు) పైన ఈ సెన్సార్ కూర్చునే చోటు ఉందో లేదో చూడండి, లేకపోతే ఆ బండిదే బెల్‌హౌసింగ్ కూడా తెచ్చుకోవడం మేలు. ఫ్లైవీల్ బిగించేటప్పుడు మాత్రం కాస్త ఆగి ఆలోచించండి. బోల్టు రంధ్రాలు సమానమైన దూరంలో ఉంటాయి కాబట్టి అది ఒకటి కంటే ఎక్కువ స్థానాల్లో చక్కగా కూర్చుంటుంది, కానీ ఆ ఖాళీ ఉండాల్సిన చోట ఉండేది ఒక్క స్థానంలోనే. తప్పు స్థానంలో బిగిస్తే స్పార్క్ పడుతుంది, పెట్రోలు వస్తుంది, అయినా ఇంజన్ అందుకోదు, లేదా కార్బురేటర్ బండిలా ఇన్‌టేక్‌లోంచి ఎదురు కొడుతుంది. మొదటి సిలిండర్ పిస్టన్‌ని పై కొసకి తెచ్చుకుని, వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూపిన స్థానంతో పోల్చుకుని, రంగు పెన్నుతో గుర్తు పెట్టుకుని అప్పుడు బిగించండి.

గేర్‌బాక్స్ ఎలాగూ కిందే ఉంటుంది కాబట్టి క్రాంక్ వెనకాల ఆయిల్ సీలు, క్రాంక్ చివర ఉండే పైలట్ బేరింగు అప్పుడే మార్చేయండి.

పెట్రోలు విషయంలో నాకు నిజంగా భయం ఉంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. కార్బురేటర్‌కి సుమారు 0.3 బార్ ఒత్తిడి చాలు, ఈ ఇంజెక్షన్‌కి దాదాపు 3 బార్ కావాలి, అంటే పది రెట్లు. పాత రబ్బరు పైపులూ, మామూలు స్క్రూ క్లిప్పులూ ఆ ఒత్తిడికి ఆగవు. ఇంజెక్షన్ కోసమే తయారైన పైపు, దానికి తగ్గ క్లిప్పులు వేయండి. ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ వదిలిన పెట్రోలు ట్యాంకుకి తిరిగి వెళ్లే పైపు కూడా కావాలి, మీ పాత బండిలో అంత లావుది ఉండకపోవచ్చు. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా పైపు పొడవు ఎక్కువ, మధ్యలో నేలకి, సైలెన్సర్‌కి దగ్గరగా పోయే చోట్లు చేత్తో తడిమి మరీ చూడండి. ఏళ్ల తరబడి నిలవున్న పెట్రోలు పూర్తిగా తీసేసి, ట్యాంకు అడుగున తుప్పు మడ్డి ఉంటే కడిగించాకే కొత్తది పోయండి. మొదటిసారి పంపు నడిపేటప్పుడు ఒక మనిషి అగ్నిమాపక సిలిండర్ పట్టుకుని పక్కనే నిలబడాలి. ఇది మాత్రం మానకండి.

ఇవన్నీ అయ్యాక వెంటనే స్టార్ట్ చేయొద్దు. పెట్రోల్ పంపు ఫ్యూజు, కాయిల్ వైరు తీసి, నాలుగు ప్లగ్గులూ విప్పి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. ఒకేసారి కాకుండా పది సెకన్లు కొట్టి, సెల్ఫ్ చల్లబడనిచ్చి, మళ్లీ కొట్టాలి. ప్లగ్గులు లేకపోతే ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది, బేరింగుల మీద భారం పడకుండానే ఆయిల్ పైదాకా చేరుతుంది. తర్వాత ప్లగ్గులు బిగించి, వైర్లు 1-3-4-2 వరసలో ఉన్నాయో లేదో చూసుకుని తాళం తిప్పండి.

అప్పటికీ పలకకపోతే ఆ 1990 బండి వైరింగ్‌తో పాటు బానెట్ కింద ఉండే చిన్న నల్లటి డబ్బా వచ్చిందేమో వెతకండి, ఒక బటనూ, ఎర్ర లైటూ, పొట్టి వైరూ ఉంటాయి. తాళం ఆన్ చేసి, ఆ వైరుని 2వ రంధ్రంలో పెట్టి బటన్ నొక్కితే ఇంజెక్షన్ సంగతి, 6వ రంధ్రంలో పెట్టి నొక్కితే ఇగ్నిషన్ సంగతి లైటు మెరుపుల్లో చెబుతుంది. ఒకటి, ఒకటి, ఒకటి అని మెరిస్తే ఏ లోపమూ నమోదు కాలేదని అర్థం. మిగతా అంకెలు మాన్యువల్‌లో ఉంటాయి. నాన్నగారి బండి అన్నారు కదా, స్టార్ట్ అయిన రోజు నాకు తప్పకుండా రాయండి, ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: మాది పాయింట్లు (స్పార్క్ కోసం కాయిల్ కరెంటుని తెంపే కాంటాక్టులు), కార్బురేటర్ ఉన్న పాత వ్యాగన్. అదే రకం వేరే ఇంజన్ వేశాం. సెల్ఫ్ కొడుతున్నంతసేపు ఇంజన్ అందుకుని పలుకుతుంది, తాళం వదలగానే టక్కున ఆగిపోతుంది. కార్బురేటర్ మూడుసార్లు విప్పి కడిగాం.

జవాబు: కార్బురేటర్‌ని వదిలేయండి. పెట్రోలు వల్ల ఆగే ఇంజన్ తడబడుతూ ఆగుతుంది, టక్కున ఆగిందంటే కరెంటే. చాలా పాత బండ్లలో కాయిల్‌కి రెండు దారుల్లో కరెంటు వస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది కాబట్టి నేరుగా ఒక దారి, ఇంజన్ నడిచేటప్పుడు కాయిల్ వేడెక్కకుండా కరెంటు తగ్గించే బలాస్ట్ రెసిస్టర్ మీదుగా ఇంకో దారి. మీ బండిలో మొదటిది బాగుంది, రెండోది తెగింది. రెసిస్టర్ పగిలి ఉండొచ్చు, ఇంజన్ మార్చేటప్పుడు దాని వైరు ఊడి ఉండొచ్చు, తాళం స్విచ్‌లో ఆ కాంటాక్టు పోయి ఉండొచ్చు. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్‌లో పెట్టి, పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు కాయిల్ పాజిటివ్ దగ్గర కొలవండి. ఆరేడు వోల్టులు రావాలి, సున్నా వస్తే దొంగ దొరికినట్టే. కొన్ని బండ్లలో ఈ రెసిస్టర్ విడిగా కనిపించదు, వైరింగ్‌లో ఒక ప్రత్యేకమైన వైరే ఆ పని చేస్తుంది, కాబట్టి రెసిస్టర్ లేదు కదా అని పొరబడకండి.

తొందరపడి బ్యాటరీ నుంచి కాయిల్‌కి శాశ్వతంగా నేరు వైరు లాగేయొద్దు. బలాస్ట్ కోసం చేసిన కాయిల్‌లో ప్రైమరీ చుట్ట రెసిస్టెన్స్ సుమారు 1.5 ఓమ్‌లు ఉంటుంది, దానికి పూర్తి 12 వోల్టులు ఇస్తే కాయిలూ వేడెక్కుతుంది, పాయింట్లూ త్వరగా కాలిపోతాయి. రెసిస్టర్ వద్దనుకుంటే సుమారు 3 ఓమ్‌ల కాయిల్ వేసుకోండి.

ప్రశ్న: ఇంజన్ మార్చాక బండి బాగానే నడుస్తోంది, కానీ పది నిమిషాల్లో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటుతోంది. రేడియేటర్ కొత్తది.

జవాబు: ముల్లు ఎర్రగీత దాటినప్పుడు హీటర్ ఆన్ చేసి చూడండి. హీటర్ గాలి చల్లగా వస్తే లోపల నీళ్లు తిరగట్లేదు, గాలి బుడగ ఇరుక్కుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక బండి ముందు భాగం ఎత్తి, హీటర్ వాల్వు తెరిచి ఉంచి, నెమ్మదిగా నింపుతూ గాలి తీయాలి. హీటర్ గాలి మామూలు వేడిగా వచ్చి, ఆవిరి, పొంగడం ఏదీ లేకపోతే ముల్లే తప్పు చెబుతుండొచ్చు. కొత్త ఇంజన్‌తో వచ్చిన సెన్సార్ రెసిస్టెన్స్ వేరు, మీ పాత మీటరు అలవాటు పడింది వేరు. మర సరిపోతే పాత ఇంజన్ సెన్సార్ తీసి దీనికి బిగించండి. అనుమానం తీరేదాకా మాత్రం వేరే థర్మామీటర్‌తో థర్మోస్టాట్ గొట్టం దగ్గర వేడి కొలుచుకోండి, అంతవరకు దూరం పోవద్దు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ వేసి ఉంటే అది గాలిని ఇంజన్ వైపుకే లాగుతోందా అని ఒక కాగితం ముక్క రేడియేటర్ ముందు పెట్టి చూడండి, వైర్లు తారుమారైతే అది వెనక్కి ఊదుతుంది.

ప్రశ్న: గంటకి 70 కిలోమీటర్లు దాటితే వ్యాగన్ అడుగు నుంచి వణుకు. చక్రాల బ్యాలెన్స్ రెండుసార్లు చేయించాను. ఇంజన్ మార్చకముందు లేదు.

జవాబు: కొత్త మౌంటింగుల మీద ఇంజన్, గేర్‌బాక్స్ తోక ఎత్తు మారి ఉంటుంది, దాంతో గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి శక్తి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాలు చెడతాయి. రెండు కొసల్లో ఉన్న జాయింట్ల కోణాలూ దాదాపు సమానంగా ఉండాలి, మూడు డిగ్రీలకి మించకుండా ఉంటే మంచిది. షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉండి మధ్యలో బేరింగు ఉంటే దాని ఎత్తు కూడా చూడాలి. కొలిచేటప్పుడు బండిని జాకీ మీద ఎత్తి వెనక యాక్సిల్ వేలాడుతుండగా కొలిస్తే లెక్క తప్పుతుంది, చక్రాల మీద నిలబెట్టే కొలవండి. వ్యాగన్‌లో వెనక సామాను వేస్తే యాక్సిల్ ఎత్తు బాగా మారుతుంది కాబట్టి ఒకసారి ఖాళీగా, ఒకసారి మీరు మామూలుగా వేసే బరువుతో కొలిచి, రెండింటికీ మధ్యస్థంగా గేర్‌బాక్స్ మౌంటింగ్ కింద రేకు ముక్కలు పెట్టి సర్దండి. ఇంకోటి, షాఫ్ట్ విప్పినప్పుడు ఫ్లాంజిల (షాఫ్ట్ కొసలు బోల్టులతో కలిసే పళ్లేల) మీద గుర్తు పెట్టుకున్నారా? లేకపోతే వెనక ఫ్లాంజి బోల్టులు విప్పి సగం చుట్టు తిప్పి బిగించి ఒకసారి నడిపి చూడండి, కోణాలు కొలిచే ముందే.