పివట్ వెళ్లిపోయింది, ఇప్పుడెలా?

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండలో డిగ్రీ కాలేజీ. పోయినేడు ఇంటర్ కాలేజీ బాస్కెట్‌బాల్‌లో సెమీస్ దాకా వెళ్లాం. ఈసారి బంతిని ముందుకు తెచ్చే మా పాయింట్ గార్డ్, బాస్కెట్ దగ్గర ఆడే పొడుగు పివట్ ఇద్దరూ ఫైనలియర్ అయిపోయి వెళ్లిపోయారు, ఇంకో అక్కకు మోకాలి ఆపరేషన్ అయింది. ఉన్నవాళ్లలో పొడుగు నేనే, 5 అడుగుల 6 అంగుళాలు. పీడీ సార్ "ఈసారి సర్టిఫికెట్ కోసం ఆడండి" అంటున్నారు. మాకు నిజంగా చాన్స్ లేదా?
- సెకండియర్ విద్యార్థిని

జవాబు: కప్పు కష్టమే చెల్లీ, దాచడమెందుకు. కానీ మీ సార్ అన్నంత అధ్వాన్నంగానూ లేదు. డిగ్రీ మూడేళ్లే కాబట్టి ప్రతి కాలేజీలో ఏటా ఎవరో ఒకరు వెళ్లిపోతూనే ఉంటారు, మిమ్మల్ని సెమీస్‌లో ఓడించిన టీమ్‌లో ఎవరు మిగిలారో ముందు అది కనుక్కోండి.

పివట్ లేదని అందరూ దిగులు పడతారు, పొడుగు కంటికి కనిపిస్తుంది కదా. నన్నడిగితే మీకు అసలు దెబ్బ పాయింట్ గార్డే. అవతలివాళ్లు రెండు నిమిషాలు చూసి ఫుల్ కోర్ట్ ప్రెస్ వేస్తారు, అంటే కోర్టంతా మీ వెంటపడి అడ్డుకుంటారు, 8 సెకన్లలో బంతి సగం కోర్టు దాటకపోతే వాళ్లకే పోతుంది. ఆమె ప్లేస్‌లో ఎవరినో నిలబెట్టి "నువ్వే తీసుకురా" అన్నారనుకోండి, ఆ పిల్ల తల వంచుకుని డ్రిబుల్ చేస్తూ సైడ్‌లైన్ మూలకు పోయి ఇరుక్కుంటుంది, ఇద్దరు మీద పడతారు, అయిపోయింది. ఆ పని ఇద్దరికి పంచండి, మూడో అమ్మాయి సెంటర్ సర్కిల్ దాకా ఎదురొచ్చి పాస్ అందుకోవాలి. ప్రెస్‌ను పాస్‌తోనే దాటాలి.

దాటాక తొందరొద్దు. బలం తక్కువున్న టీమ్‌కు మ్యాచ్‌లో అటాక్‌లు ఎంత తగ్గితే అంత లాభం, కాబట్టి షాట్ వేయడానికి ఉన్న 24 సెకన్లలో 18, 20 వాడుకుని మంచి షాట్ దొరికితేనే వేయండి. చెరో 60 పాయింట్లు కొట్టుకునే మ్యాచ్ మీ వల్ల కాదు, చెరో 30 దగ్గర నడిచే మ్యాచ్‌లో ఆఖరి దాకా ఉంటారు.

రీబౌండ్‌కు, అంటే తప్పిన షాట్ బంతిని అందుకోవడానికి, 5 అడుగుల 6 అంగుళాలు చాలు. షాట్ లేవగానే అందరూ మెడలెత్తి బంతినే చూస్తారు. నువ్వు బంతిని వదిలేసి పక్కనున్న ప్రత్యర్థిని చూసుకో. మోకాళ్లు వంచి, కాళ్లు వెడల్పు చేసి, ఆమెకు వీపు ఆనించి బాక్స్ అవుట్ చెయ్, ఆ తర్వాతే బంతి. 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు తలా ఒక చోటు కాయడం) వేస్తే లోపలికి రానివ్వరు గానీ, ఎవరు ఎవరిని ఆపాలో తేలక రీబౌండ్లు పోతాయి, అందుకే కోర్టులో అరుస్తూ ఉండాలి. వెనక నుంచి అరవడం సాధారణంగా పివట్ పని, ఇప్పుడు ఎవరిదో తేల్చుకోండి.

ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు దొరికే షాట్లు) ప్రాక్టీస్ చివర, కాళ్లు లాగుతున్నప్పుడు వేయండి. మ్యాచ్‌లో వేయాల్సింది ఆ స్థితిలోనే. ఇంకోటి, బతుకమ్మ సెలవులకు హాస్టల్ ఖాళీ అయితే ప్రాక్టీస్ కూడా ఆగిపోతుంది, ఊళ్లో కోర్టు లేకపోయినా స్కిప్పింగ్ తాడు, పరుగు మానకండి.

మోకాలి అక్కను మాత్రం "ఒక్క మ్యాచ్‌కు రా" అని బతిమాలొద్దు. అది ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) ఆపరేషన్ అయితే మళ్లీ ఆడటానికి 9 నెలలైనా పడుతుంది, ముందే దిగితే మళ్లీ తెగే ప్రమాదం ఉంది. బెంచ్ మీద కూర్చోబెట్టి ఎవరికెన్ని ఫౌల్స్ అయ్యాయో చూడమనండి, ఐదో ఫౌల్‌తో ఇంకొకరు బయటికెళ్తే తట్టుకునే స్థితిలో మీరు లేరు.

ప్రశ్న: అన్నా, మా టీమ్‌లో ఐదుగురమే మిగిలాం. దిగాలా, మానాలా?
- ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: దిగు తమ్ముడూ. మొదలుపెట్టడానికి ఐదుగురు ఉంటే చాలు, మధ్యలో ఒకడు ఫౌల్స్‌తో పోయినా నలుగురితో ఆట నడుస్తుంది. త్రీ ఆన్ త్రీ పోటీలు పెడితే అది కూడా వదలొద్దు. సగం కోర్టు, ముగ్గురు ఆటగాళ్లు, ఒక సబ్‌స్టిట్యూట్, 10 నిమిషాలు లేదా ముందు 21 పాయింట్లు, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ నుంచి అదీ ఒలింపిక్ ఆటే. మిగిలిన ఐదోవాణ్ణి కోచ్‌గా కూర్చోబెట్టనిస్తారో లేదో ముందే నిర్వాహకులను అడగండి.