పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఒకే టీకా) మొదటి డోసుకు జ్వరం వచ్చి ఆపేశాం, పాపకు ఇప్పుడు నాలుగు నెలలు: మళ్లీ మొదటి నుంచా?

జ్వరంతో పాటు తొడ వాచిందనీ, అత్తగారు భయపడి టీకా బదులు హోమియో మాత్రలు చాలంటున్నారనీ, వస నాకిస్తున్నారనీ రాశారు. ఆ జ్వరానికీ తొడ వాపుకూ కారణం చాలావరకు టీకాలోని కోరింత దగ్గు భాగం. ఒకటి రెండు రోజుల్లో తగ్గిందంటున్నారు కాబట్టి, అది టీకా పడకపోవడం కాదు.

1. మొదటి నుంచి అక్కర్లేదు. చాలామందికి తెలియనిది ఇదే. ఆలస్యమైందని టెన్షన్ పడి అసలే మానేస్తారు. వేసిన డోసు లెక్కలోనే ఉంటుంది. రెండోది ఇప్పుడే, మూడోది కనీసం 4 వారాల తర్వాత. ఎంసీపీ కార్డు (టీకాలు రాసే తల్లీబిడ్డల కార్డు) తీసుకెళ్లి ఏఎన్ఎంకు (టీకాలు వేసే ప్రభుత్వ నర్సుకు) చూపించండి. పోలియో, రోటా (రోటావైరస్ విరేచనాల టీకా) బాకీలు కూడా ఆమే చూస్తారు.

2. ఫిట్స్ రావడం, మూడు గంటలకు పైగా ఆగని ఏడుపు లాంటివి అప్పుడు ఉంటే, డోసుకు ముందే పిల్లల డాక్టరుకు చెప్పండి.

3. జ్వరానికి పారాసెటమాల్ బరువును బట్టి ఇవ్వాలి. డ్రాప్స్ సిరప్ కంటే చాలా గాఢం, సిరప్ కొలతతో పోయకండి.

4. హోమియో మాత్రలు ఈ టీకాలా కంఠసర్పిని (డిఫ్తీరియాను), ధనుర్వాతాన్ని ఆపలేవు. వస నాకించడం దయచేసి మానండి, వాంతులు కావచ్చు. అత్తగారిని కూడా ఏఎన్ఎం దగ్గరకు తీసుకెళ్లండి, ఆవిడ భయం పాప మీద ప్రేమతోనే కదా.