అద్దెతో ఈఎంఐ తీరుతుందా?

ప్రశ్న: మియాపూర్‌లో 80 లక్షల ఫ్లాట్ చూశాం. సగం చేతిలో ఉంది, సగం లోన్. అద్దె 22 వేలు వస్తుందంటున్నారు. ఇప్పుడు కొనొచ్చా?

జవాబు: అద్దెతోనే ఈఎంఐ కట్టేద్దామనుకుంటే మాత్రం వద్దండి. 40 లక్షలకు 8 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలకు దాదాపు 33,500 కట్టాలి, అంటే అద్దె పోను ప్రతి నెలా 11,500 మీ జేబులోంచే పోతుంది. ఏడాదిలో ఒక్క నెల ఖాళీగా ఉన్నా మిగిలే అద్దె 2.42 లక్షలు, 80 లక్షల మీద మూడు శాతమే. రిజిస్ట్రేషన్‌కు ఇంకో 6 లక్షల దాకా అవుతుంది.

2025లో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 శాతం నుంచి 5.25 శాతానికి తగ్గించింది, నిజమే, కానీ మీది ఫ్లోటింగ్ లోన్, అంటే ఆ రేటుతో పాటే వడ్డీ మారే లోన్ అయితే, రేపు పెరిగే భారమూ మీదే.

నా మాట విని ఒక సాయంత్రం ఆ వీధిలో నడవండి. టు-లెట్ బోర్డు కనిపిస్తే వాచ్‌మన్‌ని అడగండి, ఎన్నాళ్లుగా ఖాళీగా ఉంది, చివరి వాళ్లు నిజంగా ఎంత కట్టారు అని. బ్రోకర్ చెప్పే 22 వేల కంటే ఆ అంకెనే నేను నమ్ముతాను. అది 18 వేలని తేలితే ధర తగ్గించమని గట్టిగా బేరమాడండి, తగ్గకపోతే వదిలేయండి.