రేడియో పట్టుకున్న అబ్బాయికి ఏ బ్రాంచి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరబోతున్నాడు. ఏడాదిగా స్నేహితుడూ వాడూ పంపడం, అందుకోవడం రెండూ చేసే రేడియో ట్రాన్స్‌సీవర్ చెరొకటి పెట్టుకుని, ఇంటర్నెట్ లేకుండా కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి సందేశాలు పంపుకుంటున్నారు. చదువు పాడవుతుందని ఆ పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడు ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్ అంటున్నాడు, మేం ఏఐ కోర్సు అంటున్నాం. ఏది మంచిది?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ఒకరింట్లో డ్రోన్, ఇంకొకరింట్లో రోబో, మీ ఇంట్లో రేడియో. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. అడిగేది బ్రాంచి గురించే గానీ, తోటి పిల్లలు స్థిరపడిపోతే మనవాడు ఆటవస్తువులతో మిగిలిపోతాడేమోనన్నదే లోపలి భయం. ముందు దాని సంగతి చూద్దాం.

వాడు చేస్తున్నది ఆట కాదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దూరంగా ఉన్న టెర్మినళ్లను ప్రధాన కంప్యూటర్‌తో రేడియోతోనే కలిపింది. దాని పేరు అలోహానెట్. ఒకే చానెల్‌లో ఇద్దరు ఒకేసారి పంపితే రెండు ప్యాకెట్లూ, అంటే సందేశపు ముక్కలు, పాడవుతాయి, కాసేపాగి మళ్లీ పంపాలి. ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపేస్తే చానెల్‌లో సుమారు 18 శాతమే పనికొస్తుందని లెక్క తేలింది. కంప్యూటర్లను తీగతో కలిపే ఈథర్‌నెట్‌కు దారి చూపింది ఆ పనే. మీవాడు రోజూ కుస్తీ పడుతున్నది ఆ చిక్కుతోనే. సందేశం అందలేదంటే సిగ్నల్ చాలలేదా, ఇద్దరూ ఒకేసారి పంపారా, ట్రాన్స్‌మిటర్ పూర్తి శక్తి అందుకోకముందే డేటా మొదలైందా అని ఒక్కొక్కటీ వెతకాలి. ఈ వెతుకులాట ఏ పాఠ్యపుస్తకమూ నేర్పదు.

ఇక ఏఐ కోర్సు. పేరులో ఆ రెండక్షరాలు ఉన్నంత మాత్రాన నేను ఏ కోర్సునూ నమ్మలేను. సిలబస్ తెరిచి లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, నెట్‌వర్క్స్ ఎంత లోతుగా ఉన్నాయో చూడండి. బోర్డు మార్చిన పాత కోర్సులు చాలా ఉన్నాయి. వస్తువులను ఇంటర్నెట్‌కు కలపడం నేర్పే కొన్ని వారాల ఐఓటీ సర్టిఫికెట్ల మీద నాకు ఇంకా అనుమానం. మాడ్యూల్ తగిలించి, ఎవరో రాసిన కోడ్ అతికించి, ఫోన్‌లో లైటు వెలిగిస్తే కోర్సు అయిపోతుంది. తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం పంపే లోరా అనే రేడియో పద్ధతిలో, సందేశాన్ని ఎంత సాగదీసి పంపాలో చెప్పే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్‌ను 7 నుంచి 12 దాకా పెంచుకుంటూ పోతే దూరం పెరుగుతుంది, కానీ మెట్టుమెట్టుకూ ప్యాకెట్ గాలిలో ఉండే సమయం దాదాపు రెట్టింపవుతుంది. దాంతో బ్యాటరీ ఏమవుతుంది, చానెల్ రద్దీ ఏమవుతుంది అని అడిగితే, ఆ సర్టిఫికెట్ పట్టుకొచ్చిన పిల్లలు చాలామంది నా ముందు మౌనంగా కూర్చున్నారు. మీ అబ్బాయి చెప్పగలడనుకుంటాను. మీరెప్పుడైనా అడిగారా? అడక్కుండానే తాళం వేశారు. కోపగించుకోకండి, అది తప్పమ్మా.

అలాగని వాడికీ ఒక మాట. రేడియో ఆపరేటర్ అన్న పాతకాలపు ఉద్యోగాన్ని నమ్ముకోవద్దు. 1999కల్లా ఓడల్లో మోర్స్ ఆపద సంకేతాల స్థానంలోకి కొత్త వ్యవస్థ పూర్తిగా వచ్చేసింది, చాలా ఓడల్లో రేడియో ఆఫీసర్ కొలువే పోయింది. పని ఉన్నది మొబైల్ నెట్‌వర్క్ టెస్టింగ్‌లో, ఉపగ్రహ గ్రౌండ్ స్టేషన్లలో, డ్రోన్ నుంచి కొలతలు కిందికి పంపే టెలిమెట్రీలో, సెన్సర్ల లోపల నడిచే ప్రోగ్రామ్ అయిన ఫర్మ్‌వేర్‌లో. వాటికి యాంటెన్నా ఎంత తెలియాలో, సీ, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు కూడా అంత రావాలి.

అందుకే పోలిక ఒక్క ముక్కలో చెబుతాను. ఎలక్ట్రానిక్స్‌లో చేరితే ప్రోగ్రామింగ్ వదలకూడదు, ఏఐలోనో కంప్యూటర్ సైన్స్‌లోనో చేరితే సిగ్నల్స్ విడిగా చదువుకోవాలి. ఏది తీసుకున్నా వాడు వెనకబడడు. రేడియో పట్టుకున్నవాడు ఉద్యోగం లేకుండా పోతాడన్న దిగులు మాత్రం మీరు వదిలేయండి.

ఈవేళే తాళం తీయండి. ప్రతి ప్రయత్నానికీ తేదీ, దూరం, యాంటెన్నా ఎత్తు, పోయిన ప్యాకెట్ల లెక్క ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోమనండి. రేపు ఇంటర్వ్యూలో వాడు బల్ల మీద పెట్టాల్సింది ఆ నోటుబుక్కునే.